కొసరు తెలియని గల్లాపెట్టె

"అత్తయ్యా, ఇవాళ ఏ వారం?"

పసిపిల్లకి ఉగ్గు పెట్టేముందు నోరు తెరవమని బుజ్జగించినట్టు అడిగింది కోడలు ప్రవీణ. సుందరమ్మ వంకాయ తొడిమ తియ్యడం ఆపలేదు.

"తలంటుకున్నావుగా. శుక్రవారమో, లేకపోతే మీ ఆఫీసులో ఫొటోలు తీసే రోజో అయ్యుంటుంది."

"సరిగ్గా చెప్పండి అత్తయ్యా, ప్లీజ్. ఇంట్లో కూడా ఒకసారి అడిగి చూడమన్నారు డాక్టర్."

"ఏ డాక్టరు? నా మొహం చూడకుండానే నాకు ప్రశ్నపత్రం రాసిన డాక్టరా?"

ప్రవీణ నవ్వింది. గాజుబీరువాలో పెట్టి అమ్మే కేకు మీద చెర్రీపండులాంటి నవ్వు. ఎవరొచ్చినా అదే, ఎవరు పోయినా అదే.

"మనం ఉండేది ఎన్నో అంతస్తులో అత్తయ్యా?"

"మనుషులు ఉండకూడని అంతస్తులో."

హాల్లో పేపరు వెనక సుందరమ్మ భర్త చలపతిరావు దగ్గాడు. ఖజానా ఆఫీసులో చేసి రిటైరైన ఆ మనిషి, పెళ్ళయిన దగ్గర్నుంచీ ఇంట్లో ఏ తగాదా వచ్చినా వేసిన ఓటు ఆ దగ్గే. ఎవరి వైపు వేశాడో ఏనాడూ తేలలేదు.

సుందరమ్మ కూర గిన్నె తీసుకుని పొయ్యి దగ్గరికి వెళ్ళి ఆగిపోయింది. పొయ్యికి తిప్పే నాబులు లేవు. పళ్ళూడిన నోరులా చిల్లులు మాత్రం మిగిలాయి.

"ఇవేవీ?"

"తీసి పెట్టాను అత్తయ్యా. వంటకి మనిషిని మాట్లాడాను. మీరింక రెస్ట్ తీసుకోండి."

మొన్నటిదాకా ఈ చేతి పులుసు తిని వేళ్ళు నాకినవాళ్ళకి ఇవాళ ఈ చెయ్యి ఇల్లు తగలెడుతుందని భయం పట్టుకుంది. కారణం ఏమిటయ్యా అంటే, ఒక కరివేపాకు రెబ్బ.

కోకాపేటలో ఆకాశానికి నిచ్చెనేసిన ఈ టవర్ల కింద సురేంద్ర అనే కడప ఆసామి సూపర్ మార్కెట్ నడుపుతున్నాడు. నిన్నమొన్నటిదాకా అక్కడ గల్లా దగ్గర మనుషులు కూర్చునేవారు. ఇప్పుడు గల్లాలు పీకేసి, నిలువుటద్దాల్లాంటి మెషిన్లు వరసగా నిలబెట్టాడు. ఎవరి సరుకు వాళ్ళే చూపించుకోవాలి, ఎవరి డబ్బు వాళ్ళే కట్టుకోవాలి, ఎవరి సంచి వాళ్ళే నింపుకోవాలి. పోతూ పోతూ ఎవరి అడుగుజాడలు వాళ్ళే ఊడ్చుకుపొమ్మనడం ఒక్కటే తరువాయి. ఆ మెషిన్లు తయారుచేసే కంపెనీలో సుందరమ్మ కొడుకు ఉదయ్ భాస్కర్ పెద్ద ఉద్యోగి. సురేంద్ర చేత కొనిపించిన ఘనుడు అతనే.

మొన్న సుందరమ్మ వంకాయలు తూయించి, డబ్బు కట్టి, కొట్టువాళ్ళు పక్కన పెట్టిన బుట్టలోంచి కరివేపాకు రెబ్బ తుంపి సంచిలో వేసుకుంది. కొసరు. కూరలు కొన్నాక కొనేవాళ్ళు అడగాలి, అమ్మేవాళ్ళు పెట్టాలి. అడక్కపోతే కొన్నట్టు కాదు, పెట్టకపోతే అమ్మినట్టు కాదు. రేపల్లె సంతలో ఓనమాలతో పాటు నేర్చుకున్న మర్యాద అది. మెషిన్‌కి ఆ మర్యాద ఎవరూ నేర్పలేదు. ఎర్రబడింది. కుయ్యోమని అరిచింది. గార్డు వచ్చి చెయ్యి పట్టుకున్నాడు.

మెషిన్ నెత్తిన ఉన్న కెమెరా అదంతా తీసింది. దొంగ దొరికిందన్న సంబరంలో సురేంద్ర ఆ వీడియో తన మిగతా కొట్లకి పంపాడు. అక్కణ్ణించి టవర్ల వాట్సాప్ గ్రూపులోకి చేరింది. మొహం మసక చేశారు కానీ, ఆ నెమలికంఠం రంగు వెంకటగిరి చీర ఎవరిదో లిఫ్టెక్కే ప్రతివాళ్ళకీ తెలుసు.

"అమ్మా, నాలుగింటికి డాక్టర్ అపాయింట్‌మెంట్. గొడవ చెయ్యకు."

ఉదయ్ వచ్చాడు. చెవుల్లో తెల్లగా ఏవో దూర్చుకుని ఉన్నాడు. మాట్లాడుతున్నది తల్లితోనో ఆఫీసుతోనో తెలుసుకోవడానికి ఒక్క క్షణం పట్టింది సుందరమ్మకి.

"నాకు జ్ఞాపకాలు ఎక్కువై చస్తుంటే మతిమరుపు పరీక్ష ఎందుకురా?"

"చూడు. రెండే దార్లున్నాయి. ఒకటి, నువ్వు కావాలని తీశావు. ఆ మాట నేను అనను. రెండోది, మర్చిపోయి తీశావు. అప్పుడు ఎవరూ నిన్నేమీ అనలేరు. నీకూ మర్యాద, నాకూ మర్యాద."

"మూడో దారి లేదా?"

"ఏంటది?"

"నీ మెషిన్‌కి బుద్ధి లేదని."

ఉదయ్ మొహం ముడుచుకున్నాడు. చిన్నప్పుడు లెక్క తప్పయితే పలకని తిట్టేవాడు. ఇప్పుడు పలక తన కంపెనీదే కాబట్టి తల్లిని తిడుతున్నాడు.

"మెషిన్ తప్పు చెయ్యలేదమ్మా. అంత కరెక్టుగా పట్టిందనే సురేంద్రగారు తన కొట్లన్నిటికీ మా మెషిన్లే తీసుకుంటానంటున్నారు."

"ఆహా! అమ్మని చూపించి అమ్ముకుంటున్నావన్నమాట. వీధిలో గారడీవాడు కోతిని ఆడించి నాలుగు కాసులు దండుకుంటాడు. వాడు కోతికి తిండైనా పెడతాడు. నువ్వు నా పొయ్యి మరలు కూడా పీకించావు."

"అది సేఫ్టీ కోసం అత్తయ్యా," అంది ప్రవీణ.

"కొసరు తీసుకోవడం దొంగతనం ఎప్పట్నుంచిరా?"

"అడక్కుండా తీసుకుంటే దొంగతనమే."

"అడిగాను."

నోరు జారింది. హాల్లో పేపరు చప్పుడు ఆగింది.

"ఎవర్నడిగావు?"

సుందరమ్మ కళ్ళముందు ఎర్రకోటు తొడుక్కున్న స్వప్న మెదిలింది. ఇదివరకు గల్లా దగ్గర కూర్చునే పిల్ల. తోటివాళ్ళనందర్నీ పంపేసి, మెషిన్ల పక్కన దిష్టిబొమ్మలా నిలబెట్టడానికి ఆ ఒక్కదాన్ని ఉంచుకున్నాడు సురేంద్ర. మొన్న సుందరమ్మ కరివేపాకు వైపు చూసి, స్వప్న వైపు చూసి, 'కొసరేదే?' అన్నట్టు కనుబొమలెగరేసింది. "తీస్కోండ్రి అమ్మా, ఏం గాదు," అంది స్వప్న పెదాలు కదలకుండా. సుందరమ్మ తలూపి తీసుకుంది. గార్డు వచ్చేసరికి ఆ పిల్ల మొహం తిప్పేసుకుంది.

ఆ పేరు ఒక్కటి చెబితే సుందరమ్మ దొంగా కాదు, పిచ్చిదీ కాదు. కానీ ఆ సాయంత్రానికే స్వప్న ఎర్రకోటు ఊడిపోతుంది.

"ఎవర్నడిగావమ్మా?"

"మెషిన్ని."

ఉదయ్ ప్రవీణ వైపు చూశాడు. ప్రవీణ కళ్ళు మూసి తెరిచింది. 'పాపం' అన్న మాట ఒకటి ఇద్దరి మధ్యా ఎగిరి వాలింది.

"చూశారా, మెషిన్‌తో మాట్లాడుతున్నారు," అంది ప్రవీణ గుసగుసగా.

"నీ మొగుడు రోజంతా వాటితోనే మాట్లాడితే జీతమిస్తున్నారు. నేను ఒక్క మాటంటే డాక్టరా?"

*

మధ్యాహ్నం సుందరమ్మ కిందికి దిగింది. లిఫ్టులో ఒకావిడ తన చేతిసంచిని ఈ భుజం మీంచి ఆ భుజానికి మార్చుకుంది.

"భయపడకమ్మా. నాది కరివేపాకుతోనే సరి. సంచులదాకా ఇంకా ఎదగలేదు."

ఆవిడ ఫోనులో మొహం దాచుకుంది. ఇక్కడివాళ్ళకి అదొక సౌకర్యం. మన ఊళ్ళలో సిగ్గేస్తే చెంగు అడ్డం పెట్టుకుంటారు. ఇక్కడ ఆడామగా తేడా లేకుండా అందరికీ అరచేతిలోనే ఒక చెంగు.

కొట్టు వెనక సరుకు దించేచోట అట్టపెట్టెల మీద కూర్చుని స్వప్న అన్నం తింటోంది. సుందరమ్మని చూసి గభాలున లేచింది.

"కూర్చో. ఏం కూర?"

"టమాట. అమ్మా, మీరు గిటు రాకుండ్రి. సార్ జూస్తే పరేషాన్ అయితది."

"ఏం? నీకు దొంగతనం నేర్పుతాననా?"

"అయ్యో, గట్లనకుండ్రి. తీస్కొమ్మన్నది నేనే గద. నాకు అన్నం గూడ సయిస్తలేదు."

"మరి గార్డు నా చెయ్యి పట్టుకుంటే మొహం ఎందుకు తిప్పావే?"

స్వప్న మెతుకుల్ని గిన్నెలో ఒక పక్కకి నెట్టింది. మళ్ళీ ఇంకో పక్కకి నెట్టింది.

"మాట్లాడొద్దన్నరమ్మా. 'వెల్‌కమ్ మేడమ్', 'స్కాన్ చేయండి మేడమ్', గంతే. ఇంకో ముచ్చట వెడితే కెమెరాల పడ్తది. మెషిన్ మాట్లాడ్తదంట, నేను సప్పుడు జెయ్యొద్దంట."

సుందరమ్మకి నవ్వొచ్చింది, ఏడుపు పక్కన నిలబడే నవ్వు. ఇదే పిల్ల గల్లా దగ్గరున్నప్పుడు బిల్లు కాగితం బయటికొచ్చేలోపు ఇద్దరి ఇళ్ళ సంగతులూ అయిపోయేవి. మోకాలికి నువ్వులనూనె రాయమ్మా అని ఈ పిల్ల చెప్పేది. మీ అమ్మని దవాఖానాకి ఒక్కదాన్నే పంపకే అని తను చెప్పేది. వెనకున్నవాళ్ళు విసుక్కునేవాళ్ళు. వాళ్ళ విసుగు తగ్గించడానికే పుట్టాయట ఈ మెషిన్లు. ఇప్పుడు ఎవరూ ఎవర్నీ విసుక్కోవడం లేదు. విసుక్కోవడానికి కూడా ఎదర ఒక మొహం ఉండాలిగా.

"నా పేరు జెప్పకుండ్రమ్మా. మీ కాళ్ళు మొక్కుత. నిజాంపేటల రూం కిరాయి, మా అమ్మ మందులు, అన్ని గీ నౌకరి మీదనే."

"చెప్పేదాన్నయితే మొన్ననే చెప్పేదాన్ని. పిరికిదానివే నువ్వు."

"అవునమ్మా."

"అవునని ఒప్పేసుకునే పిరికివాళ్ళంటే నాకు మరీ మంట. తిను, చల్లారిపోతోంది."

*

నాలుగు కాకముందే బెల్లు మోగింది. ఎన్నడూ సోఫాలోంచి కదలని చలపతిరావు లేచి వెళ్ళి తలుపు తీశాడు. సురేంద్ర లోపలికొచ్చాడు. అతని వెనక, చెప్పులు బయటే విడిచి, స్వప్న.

చలపతిరావు తలుపు వేసి, తిన్నగా వచ్చి తన చోట తాను కూర్చున్నాడు.

"నమస్తే పెద్దమ్మా," అన్నాడు సురేంద్ర. "మనసులో ఏం పెట్టుకోవాకండి. మీరు ఉదయ్ సార్ వాళ్ళ అమ్మ అని తెలిసింటే ఆ వీడియో పంపుతాంటినా?"

"ముక్కూ మొహం తెలియనివాళ్ళ అమ్మనైతే ఊరేగించచ్చన్నమాట."

సురేంద్ర గట్టిగా నవ్వాడు. ఎవరూ కలవకపోయేసరికి నవ్వు సగంలో మడతపెట్టేశాడు.

"ఇప్పుడు ఏమంటే, గ్రూపులో ఒక ముక్క పెడదాం. పెద్దావిడకి మతిమరుపు ఉండాది, మేం అర్థం చేసుకున్నామని. మెషిన్ తప్పు లేదు, మనిషి తప్పు లేదు. అందరికీ బాగుంటాది. ఉదయ్ సార్ గూడా సరే అన్నాడు."

"నా మతి పోయిందని మీ ఇద్దరూ కూర్చుని తీర్మానం చేశారా? నన్ను కూడా పిలవాల్సింది. చెయ్యెత్తేదాన్ని."

"అమ్మా, ప్లీజ్," అన్నాడు ఉదయ్.

"ఇంకొక చిక్కుండాది సార్," సురేంద్ర గొంతు తగ్గించాడు. "వీడియోలో అమ్మగారు పక్కకి చూసి తలకాయ ఊపినట్టుండాది. షాపులోవాళ్ళు ఎవరన్నా సైగ చేసినారేమో అని గ్రూపులో ఒకాయన రాసినాడు. అందుకే ఈ పాపని పిలుచుకొచ్చినా. చెప్పు పాపా. నువ్వేమన్నా తీసుకోమన్నావా?"

స్వప్న కాలివేళ్ళతో గుమ్మం దగ్గరి కాళ్ళపట్టాని నొక్కిపట్టింది.

"లేదు సార్."

సుందరమ్మ అనుకున్న మాటే అది. ఒక విధంగా తను ఇచ్చిన మాటే. ఊపిరి వదిలింది.

"మరి అమ్మ ఎవరికి తలకాయ ఊపింది?"

"అమ్మకు యాది ఉండది సార్."

సుందరమ్మ తలెత్తింది.

"చెప్పిందే మళ్ళ చెప్తది. గా మెషిన్‌తోటి మాట్లాడ్తది, దానికే తల ఊపుతది. నేను మస్తు సార్లు జూసిన." స్వప్న కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "అమ్మనేమనకుండ్రి సార్. పాపం."

ప్రవీణ నిట్టూర్చింది. "ఆ అమ్మాయికి కూడా తెలిసిపోయింది చూశారా," అంది, ఎవరితోనూ కాకుండా.

పొద్దుట్నుంచీ ఇంట్లో వాళ్ళ నోళ్ళలో నలిగిన 'పాపం' ఇప్పుడు ఈ పిల్ల నోట్లో కూడా పడింది. పోనీ ఏ కక్షతోనో అన్నా బాగుండేది. తనని గట్టెక్కిస్తున్నాననుకుని అంది. తను గట్టున నిలబడి, ఇంకొకళ్ళని ముంచి, ఈత నేర్పానని సంతోషపడే రకం.

ఇప్పుడు నిజం చెప్పినా లాభం లేదు. మతిలేనిదాని మాటకి విలువేముంది? 'స్వప్నే ఇచ్చింది' అంటే, 'అవునవును అత్తయ్యా' అని చెర్రీపండు నవ్వు నవ్వుతుంది కోడలు. రేపట్నుంచి ఎక్కడికి వెళ్ళినా వెంట ఒక మనిషి. ఎల్లుండి నుంచి ఎక్కడికీ వెళ్ళనక్కర్లేదు. నాబులు లేని పొయ్యిలా ఒక మూల కూర్చోవడమే.

సుందరమ్మ లేచి నిలబడింది.

"సురేంద్రా, ఇలా చూడు. కరివేపాకు నేనే తీశాను. మర్చిపోయి కాదు. కళ్ళు తెరుచుకుని, బుద్ధి తెలిసి, ఈ చేత్తో తుంపి నా సంచిలో వేసుకున్నాను. నాకు సైగ చేసినవాళ్ళెవరూ లేరు. మతి ఉన్న దొంగని నేను. రాసుకో మీ గ్రూపులో."

"అమ్మా! ఏం మాట్లాడుతున్నావో నీకు తెలుస్తోందా?"

"తెలుస్తోందనేరా చెబుతున్నది."

"ఆంటీ అలా రాస్తే మా పరువు..." అని మొదలుపెట్టి, కంగారులో అత్తగారిని ఆంటీ చేసేసిన సంగతి తెలుసుకుని ప్రవీణ నాలుక్కరుచుకుంది.

"పోలీసు స్టేషనుకి వెళ్ళి నేనే చెప్పుకుంటాను. అక్కడ మనుషులే ఉంటారనుకుంటాను, నమ్మినా నమ్మకపోయినా ఎదురుగా కూర్చుని వింటారు."

"అయ్యో పెద్దమ్మా, రెబ్బ కరివేపాకుకి స్టేషనేంది?"

"ఆ రెబ్బకే గార్డు చెయ్యి పట్టుకోవచ్చు. ఆ రెబ్బకే నన్ను ఊరంతా తిప్పచ్చు, డాక్టరు దగ్గరికి ఈడవచ్చు. స్టేషనుకి మాత్రం చాలదా?"

స్వప్న ఏదో అనబోయి, సురేంద్ర వైపు చూసి మింగేసింది. సుందరమ్మ ఆ పిల్ల పక్కనుంచే నడిచి వెళ్ళి వీధితలుపు గడియ తీసింది. తలుపు రాలేదు. మళ్ళీ లాగింది. తాళం వేసి ఉంది. చెవి లేదు.

"తాళం ఎవరేశారు?"

ప్రవీణ ఉదయ్ వైపు చూసింది. ఉదయ్ నేల వైపు చూశాడు.

"నేనే," అన్నాడు చలపతిరావు.

ఈసారి దగ్గలేదు. గొంతు స్పష్టంగా ఉంది.

"మీరా?"

"డాక్టరు టైము తీసుకున్నదీ నేనే. దొంగ పెళ్ళాం ఉన్నవాణ్ణి చూసి నలుగురూ నవ్వుతారు సుందరీ. మతి పోయిన పెళ్ళాం ఉన్నవాణ్ణి చూసి జాలిపడతారు. ఈ వయసులో నేను నవ్వులపాలు కాలేను."

సుందరమ్మ ఆయన్ని పైనుంచి కిందిదాకా చూసింది. ఇన్నేళ్ళ ఆ మౌనాన్ని మంచితనం ఖాతాలో వేసుకుంటూ వచ్చింది తను. పక్కలో ఇంత పొందికగా లెక్కలు కట్టే మనిషిని పెట్టుకుని, బుద్ధిలేదని ఒక మెషిన్ని తిట్టింది.

"మంచిదే," అంది. "ఇవాళైనా నోరు విప్పారు."

"సార్," అంది స్వప్న తలుపు వైపు చూస్తూ, "నాకు డ్యూటీ ఉంది. జర తలుపు తీయుండ్రి."

"తీస్తానమ్మా." చలపతిరావు జేబులో చెయ్యి పెట్టి, పెళ్ళాం వైపు చూశాడు. "సుందరీ, నువ్వు లోపల గదిలోకి వెళ్ళు. వాళ్ళకి తలుపు తియ్యాలి."

సుందరమ్మ చెంగు నడుముకి దోపింది. తలుపుకి వీపు ఆనించి, నేలమీద బాసింపట్టు వేసుకుని కూర్చుంది.

"తియ్యండి. నన్ను జరిపి తియ్యండి. ఇంతమంది మతి ఉన్నవాళ్ళున్నారుగా. నా మీద ముందు చెయ్యి ఎవరు వేస్తారో చూస్తాను."

సురేంద్ర వెనక్కి తగ్గి గోడకి ఆనుకున్నాడు. ప్రవీణ రెండు చేతులూ నోటికడ్డం పెట్టుకుంది. చలపతిరావు పెళ్ళాం దగ్గరికి రాలేక, చేతిలోని తాళంచెవిని కొడుకు ముందుకి చాపాడు.

ఉదయ్ దాన్ని అందుకున్నాడు. చొక్కా చేతులు పైకి మడుచుకుంటూ తల్లి వైపు ఒక అడుగు వేశాడు.